బ్యాక్ కంప్రెషన్

జూన్ 3

తమ్ముడూ,

సొరంగంలో ఆ యంత్రాల మోత మధ్య చెవుల్లో దూది కుక్కుకుని క్షేమంగానే ఉన్నావనుకుంటాను. మీ క్యాంపులో ఫోను పలకదు కనుక ఇలా కాగితాలు నలుపు చేస్తున్నాను.

ముందు మీ బావ సంగతి. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక వారానికి మూడుసార్లు డయాలిసిస్ తప్పదని నీకు తెలుసు. కొండచరియ విరిగిపడి రోడ్డు సగమే మిగిలింది. బస్సు పైకి రావడం మానేసింది. అంబులెన్సు కింద చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోతుంది. ఇక మిగిలింది ఆయన పికప్పే. డ్రైవర్ని నేనే. బతుకంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నడపడం ఎంత నరకమో ఎవరికీ తెలియదు. "క్లచ్చు మీంచి కాలు తియ్యవే, అదేమన్నా కాళ్లు పెట్టుకునే పీటా?" అంటారు. ఇంతకుముందు మలుపు మలుపుకీ అనేవారు. ఇప్పుడు ఆయాసం వల్ల రెండు మలుపులకి ఒకసారి అంటున్నారు. నీళ్లు కొలిచి ఇస్తున్నాను. దాహమేస్తే మంచు ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటారు.

ఇప్పుడు అసలు గొడవ. బండి సైలెన్సర్లోంచే కాదు, బోనెట్ కిందనుంచి కూడా పొగ కక్కుతోంది. ఆయిల్ పోసే మూత తీస్తే భుస్సుమని మొహాన కొడుతోంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ దానంతటదే పైకి లేచి చుట్టూ ఆయిల్ చిమ్ముతోంది. ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేర్లో కూడా ముక్కుతూ మూలుగుతూ వస్తోంది. ఈమధ్య బ్రేకు కూడా బలంగా తొక్కాల్సి వస్తోంది. అది నా మోకాళ్ల నొప్పి వల్లేనట, మీ బావ తీర్పు.

ఇక్కడ ఒక మేస్త్రి ఉన్నాడు. ఏ పనైనా రేపే అంటాడని అందరూ రేపు మేస్త్రి అని పిలుస్తారు. ఆయన చూసి, "అమ్మా, ఇది బ్యాక్ కంప్రెషన్. రింగులు పోయాయి, సిలిండర్లు అరిగాయి. ఇంజన్ దించాలి. నెల పడుతుంది" అన్నాడు. రేపు అంటేనే వారం పట్టే మనిషి నెల అంటే ఏం చెప్పను? నెల రోజులు బండి కదలకపోతే మీ బావ ఉండరు. ఈ మాట ఇంట్లో పైకి అనలేక నీకు రాస్తున్నాను. డీజిలు ఇంజన్లతోనే బతుకుతున్నావు కదా, ఏదో ఒకటి చెప్పు.

అక్క

జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం రేషన్ బండిలో బంగాళదుంపల బస్తా కింద నలిగి వచ్చింది. నేను బాగానే ఉన్నాను. సొరంగంలో ఊట నీళ్లు పెరిగాయి. వాటిని తోడే ఇంజన్లు నా చేతి కిందే ఉన్నాయి, అవి ఆగితే లోపలి మనుషులు మునుగుతారు. అందుకే తక్షణం రాలేను. లేకపోతే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చేవాణ్ని.

మేస్త్రి చెప్పింది అబద్ధమేమీ కాదు. ఇంజన్లో మంట పిస్టన్ పైనే మండాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి సందిస్తే ఆ వేడిగాలి పక్కలనుంచి కిందికి, ఆయిల్ ఉండే కడుపులోకి దూరుతుంది. పుస్తకాల్లో దాన్నే బ్లో-బై అంటారు. కానీ ఆ గాలి వెళ్లిపోవడానికి ఇంజన్‌కి ఒక ముక్కు ఉంటుంది, బ్రీదర్ పైపు. అది పూడుకుపోయినా ఇవే లక్షణాలు. ముక్కు దిబ్బడకి ఊపిరితిత్తులు కొయ్యకూడదు కదా. ఆ పైపు విప్పి డీజిల్‌తో కడుగు. తర్వాత ఇంజన్ వేడెక్కాక, అది ఆడుతుండగానే ఆయిల్ మూత విప్పి, తలకిందులుగా ఆ కన్నం మీదే వదులుగా పెట్టు. కాస్త వణికితే పర్వాలేదు. ఎగిరి కింద పడిందంటే జబ్బు లోపలుంది. ఇంజన్ మాత్రం అప్పుడే విప్పనివ్వకు.

ఈ కాగితం నిండింది, ఇంకోటి తీసుకుంటున్నాను.

అక్కా, ఒక మాట చెబుతాను, కష్టపెట్టుకోకు. ఎంత చేసినా పాతది పాతదే. లోపలంతా అరిగిపోయి ఉంటుంది. ఈ వైద్యాలన్నీ ఇంకొన్నాళ్లు ఈడ్చడానికే తప్ప మునుపటి సత్తువ రాదు. వెనకాల తిరిగి తిరిగి నీ ఒళ్లు గుల్ల చేసుకుంటున్నావు. ఏదో ఒక రోజు నడిదారిలో ఆగిపోతుంది, నువ్వు ఒంటరిగా నిలబడతావు. మమకారం వదులుకో. కుదిరినప్పుడు వదిలించుకుని మరొకటి చూసుకో. నీ మంచి కోరే చెబుతున్నాను.

మీ తమ్ముడు

జూన్ 14

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. బ్రీదర్ పైపులోంచి నల్లటి జిగురు ముద్దలు ముద్దలుగా వచ్చింది. చేతులు ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. తర్వాత మూత తలకిందులుగా పెట్టాను. కాసేపు గిలగిల్లాడి, ఎగిరి బ్యాటరీ మీద పడింది. ముందుకన్నా కాస్త నయం, అంతే.

కానీ ఇప్పుడు నా బాధ అది కాదు. నేను మొదటి కాగితం పట్టుకుని బండి దగ్గర ఉంటే, రెండో కాగితం మంచం మీద ఉండిపోయింది. లోపలికి వచ్చేసరికి మీ బావ చేతిలో ఉంది. "మీ తమ్ముడు ఉన్నమాటే రాశాడు. వదిలించుకోమన్నాడు. మంచి సలహా" అని మడిచి దిండు కింద పెట్టుకున్నారు. బండి మీద ప్రేమ కొద్దీ అలిగారేమో అనుకున్నాను.

మర్నాడు డయాలిసిస్ రోజు. బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టాను. రాలేదు. లోపలికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నారు. "నేను రాను" అన్నారు. ఎందుకండీ అంటే, "రాలేనని కాదు, రాను" అన్నారు. కాళ్లు పట్టుకున్నాను. అరిచాను. చెప్పు విసిరేశాను కూడా, గోడకే తగిలిందిలే. ఎదురింటి టైలరు వచ్చి చేతులు జోడిస్తే, ఆయన ముందు పరువు తక్కువనో ఏమో, నిన్న ఒక్కసారి వచ్చారు. నేను గేరు తప్పు వేసినా తిట్టలేదు. ఇవాళ మళ్లీ, "ఇదే ఆఖరు, ఇంక అడగకు" అన్నారు.

పాదాలు నీరు పట్టి చెప్పుల్లో పట్టడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. డాక్టరమ్మకి ఫోను చేస్తే, బలవంతంగానైనా తీసుకురమ్మంది. బలవంతంగా ఎలా తేను, తాళ్లు కట్టనా? బండి చూస్తే ఆ స్థితి, మనిషి చూస్తే ఈ స్థితి. నాకు దారి కనపడటం లేదురా.

అక్క

జూన్ 19

అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం పళ్లెం అలాగే వదిలేసి ఇది రాయడానికి కూర్చున్నాను. నీకు తట్టలేదా? ఆ రెండో కాగితంలో బండి అన్న మాట ఎక్కడా లేదు! పాతదే, అరిగిపోయింది, ఈడ్చడానికే, వదిలించుకో, మరొకటి చూసుకో... బావ అదంతా తన గురించి రాశాననుకున్నాడు. మొదటి కాగితం నీ దగ్గరే ఉండిపోయింది కదా. నా చెయ్యి విరిగిపోను, ఒక్కసారి బండి అని రాసి ఉంటే ఏం పోయేది?

దీని వెనకవైపు బావకి రాశాను. గట్టిగా చదివి వినిపించు. చెవులు మూసుకుంటే చేతులు లాగి మరీ వినిపించు.

బండి సంగతి. మొదటి ఉత్తరంలో బ్రేకు గట్టిపడిందని రాశావు, అప్పుడు నేను పట్టించుకోలేదు. నీ మోకాళ్ల తప్పేం లేదు. నీ బండికి ఆల్టర్నేటర్ వెనకాల వాక్యూమ్ పంపు ఉంటుంది. అది బ్రేకుకి బలమిచ్చే బూస్టర్లోంచి గాలి లాగి ఇంజన్ కడుపులోకి వదులుతుంది. బూస్టర్ చిరిగితే పంపు ఆగకుండా బయటిగాలి లాగి లోపలికి ఊదుతూనే ఉంటుంది. మూత ఎగరడానికి అదీ కారణం కావచ్చు. చూడటం తేలిక. బూస్టర్ దగ్గర ఆ పైపు పీకి, పైపు మూతికి ఒక బోల్టు బిగించి, మళ్లీ ఆయిల్ మూత తలకిందులుగా పెట్టి చూడు. మూత కుదురుగా కూర్చుంటే దొంగ దొరికినట్టే.

రేషన్ బండి హారన్ కొడుతోంది.

మీ తమ్ముడు

(వెనకవైపు)

బావా, కాళ్లు మొక్కుతాను. అక్కని ఇంకొకటి చూసుకోమని నేనన్నది పికప్పుని, మొగుణ్ని కాదు. నిన్ను వదిలించుకోమని రాసేంత ధైర్యం నాకుంటే, చిన్నప్పుడు నీ సైకిలు దొంగచాటుగా తీసుకెళ్లకుండా నిన్నే అడిగేవాణ్ని. ఆస్పత్రికి వెళ్లు. నువ్వు తిట్టేది ఏదైనా ఉంటే బతికుండి తిట్టు.

జూన్ 20

అక్కా,

నిన్నటి ఉత్తరం వెళ్లిపోయాక నా తప్పు ఒకటి గుర్తొచ్చింది. పైపుకి బోల్టు పెట్టమన్నాను కానీ, అది బండి నిలబెట్టి చూసుకోవడానికి మాత్రమే అని రాయలేదు. ఆ బోల్టుతో బండి నడపకు! బూస్టర్‌కి గాలి లాగే దారి మూసుకుంటే బ్రేకుకి బలం ఉండదు. ఘాట్ దిగే బండికి అది చావే. చూసిన వెంటనే పైపు మళ్లీ తగిలించు. బూస్టర్ మార్చేదాకా వేరే ఏ బండైనా బతిమాలుకో.

రేషన్ బండి ఇక వారం దాకా రాదు. రాళ్ల లారీ డ్రైవరు దిగుతున్నాడని తెలిసి, పరుగెత్తి వెళ్లి ఇది అతని చేతిలో పెడుతున్నాను. ఇది ముందు చేరితే బాగుండును.

తమ్ముడు

జూన్ 27

తమ్ముడూ,

ఆస్పత్రి వసారాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పక్కనున్నావిడ పెన్ను ఇచ్చింది. నిన్ను తిట్టాలని మొదలుపెట్టాను, కానీ ఓపిక లేదు.

నీ పంతొమ్మిదో తేదీ ఉత్తరం అందేసరికి మీ బావ పడుకోలేక దిండ్లకి ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడుతున్నారు. వెనకవైపు రాసింది చదివి వినిపించాను. సైకిలు మాటకి పెదవి కదిపారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పోదాం. ఊపిరాడటం లేదు" అన్నారు. చావాలనుకోవడం వేరు, ఊపిరాడకపోవడం వేరు.

ఆయన చొక్కా మార్చుకునేలోపు బోల్టు పెట్టి చూశాను. మూత బుద్ధిగా కూర్చుంది, కదిలితే ఒట్టు! దొంగ దొరికిందని రాశావు కదా, దొరికితే జబ్బు నయమైపోయినట్టే అనుకున్నాను. బోల్టు అలాగే ఉంచి ఆయన్ని ఎక్కించి బయల్దేరాను.

మొదటి వాలులో బ్రేకు తొక్కితే కాలి కింద బండరాయి తొక్కినట్టుంది. రెండు కాళ్లతో నిలబడి తొక్కాను. బండి వినలేదు. "ఏవండీ, బ్రేకు లేదు" అన్నాను, అదీ గట్టిగా అనలేకపోయాను. మాట పెగలని మనిషి అప్పుడు అరిచారు. "గేరు దించు! రెండు! క్లచ్చు వదిలెయ్! ఇంజనే పట్టుకుంటుంది!" ఇంజన్ గొంతు చించుకుంది. మలుపు వస్తోంది. "లోయ చూడకు. కొండకి రాయించు. రాయించవే!" రాయించాను. అద్దం ఎగిరిపోయింది, ఆయన వైపు తలుపు రేకు చీరుకుంటూ పోయింది. ఆయన తన చేత్తోనే హ్యాండ్‌బ్రేకు మెల్లమెల్లగా లాగుతున్నారు. రోడ్డు పనివాళ్లు పోసిన కంకర కుప్ప కనిపిస్తే, "దాన్లోకి" అన్నారు. దూర్చాను. బండి మునిగినట్టు మునిగి ఆగింది.

చూస్తే మీ బావ పెదాలు నీలంగా అయిపోయాయి, అయినా చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదే ఉంది. రోడ్డు పనివాళ్లు తమ టిప్పర్లో చెక్‌పోస్టు దాకా చేర్చారు, అక్కణ్నుంచి అంబులెన్సు. ఊపిరితిత్తుల నిండా నీరట. డయాలిసిస్ మిషన్ మీద పెట్టారు. గుండె కూడా దెబ్బతిందంటోంది డాక్టరమ్మ. ఏ మాటా ఖాయంగా చెప్పడం లేదు.

బోల్టుతో నడపకు అన్న నీ ఉత్తరం ఎదురింటి టైలరు ఇవాళ ఇక్కడికి తెచ్చి ఇచ్చాడు. చదివి నవ్వొచ్చింది. నన్ను చూసి పక్కనున్నావిడ భయపడింది.

అక్క

జూలై 1

అక్కా,

నీళ్లు తోడే ఇంజన్లు ఇంకొకరికి అప్పగించాను. మా ఫోర్‌మన్, "ఇప్పుడు పోతే తిరిగి రావద్దు" అన్నాడు. "మీకూ ఒక అక్క ఉంటే తెలిసేది" అన్నాను. ఉందట. కాసేపటికి వచ్చి రింగుల సెట్టూ సిలిండర్ గోడలు గరుకు పెట్టే పనిముట్టూ తనే చేతిలో పెట్టాడు. ఈ ఉత్తరంతో పాటే బయల్దేరుతున్నాను, ఎవరు ముందు వస్తారో చూద్దాం. బావని ఉంచు. ఎలాగైనా ఉంచు.

తమ్ముడు

జూలై 22

అక్కా,

క్యాంపుకి చేరాను. పని పోలేదు. వంటవాడు నేను రాననుకుని నా పళ్లెంలో కుక్కకి పెడుతున్నాడు, అంతే నష్టం.

బావ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నువ్వు అక్కడే ఉన్నావు కనుక, బండికి నేనూ రేపు మేస్త్రీ కలిసి ఏం చేశామో రాసిపెడుతున్నాను. రేపెవరైనా కొత్త కథ చెబితే చూపించు. బూస్టర్ లోపలి రబ్బరు పొర చిరిగింది. అది మారిస్తే సగం బ్యాక్ కంప్రెషన్ పోయింది. సగం పోలేదు. సిలిండర్లు ఒక్కొక్కటీ కొలిస్తే మూడోదాంట్లో బిగువు లేదు. చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే బిగువొచ్చింది. అంటే వాల్వులు కాదు, రింగులే. విప్పి చూస్తే రింగులు మసితో గాడిలోనే అతుక్కుపోయాయి, గోడ అద్దంలా నున్నబడింది. గరుకు పెట్టి కొత్త రింగులు వేశాం. రేపు మేస్త్రి చెప్పిందీ సగం నిజమే, నేను చెప్పిందీ సగం నిజమే. పాపం, షెడ్డు ఇచ్చాడు, జాకీ ఇచ్చాడు, రేపు అన్న మాట ఒక్కసారీ నోట రానివ్వలేదు. కొత్త రింగులు కుదురుకోవాలంటే బండి ఊరికే నిలబెట్టి ఆడించకు, కాస్త బరువుతో ఘాట్ ఎక్కించు.

ఒక్కటి అడుగుతాను. ఆస్పత్రిలో బావ నాతో సరిగ్గా మాట్లాడలేదు. మొహం చూడలేదు. ఆ కాగితం బండి గురించేనని ఇంకా నమ్మలేదా? నా మీద కోపం పోలేదా? నిజం రాయి.

మీ తమ్ముడు

జూలై 30

తమ్ముడూ,

నిజం రాయమన్నావు, రాస్తున్నాను. నాకూ నిన్ననే తెలిసింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక నిన్నటి ప్రయాణం మూడోది. వచ్చేటప్పుడు ఘాట్ ఎక్కుతుంటే బండి మూలగలేదు. మధ్యాహ్నం ఎండ కాస్తోంది. బ్రేకులు పోయిన చోటికి వచ్చేసరికి, కొండకి మన బండి రంగు ఇంకా అంటుకుని ఉంది. "పక్కకి ఆపు" అన్నారు. ఆపాను.

"మీ తమ్ముడికి రాయి. వాడి మొహం చూడలేకపోయింది కోపంతో కాదు, సిగ్గుతో" అన్నారు. సిగ్గెందుకంటే, "నా బావమరిది నన్ను 'అది' అంటాడా? మనిషిని పట్టుకుని 'పాతది, ఆగిపోతుంది' అని రాస్తాడా? బండి గురించని మొదటి ముక్కలోనే తెలుసు" అన్నారు.

నాకు మతి పోయింది. మరి ఎందుకు చేశారండీ ఆ పని అన్నాను. "మూడుసార్లు, ప్రతి వారం. నీ మోకాళ్లు. ఆ సూదులు. ఆ దాహం. మానేస్తానంటే నువ్వు ఒప్పుకోవు. అలిగానంటే నమ్ముతావనుకున్నా. వాడి కాగితం చేతికి చిక్కింది" అన్నారు.

తమ్ముడూ, నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నువ్వు అక్కడ అన్నం మానేసి ఉత్తరాలు పట్టుకుని లారీల వెంట పరుగెత్తావు. నేను మనిషిని చంపినంత పని చేశాను. ఇదంతా మీరు ఆడిన నాటకానికా అన్నాను. అన్నీ అన్నాను, నోటికి ఏదొస్తే అది. తలొంచుకుని విన్నారు. చివరికి అడిగాను. "అంత చావాలనుకున్న మనిషి, ఆ రోజు గేరు దించమని ఎందుకు అరిచారు? వదిలేస్తే పోయేదిగా?"

"పక్కన నువ్వున్నావు కదే" అన్నారు.

ఇంజన్ ఆపేశాను. ఒక టిప్పరు వాళ్లు ఆగి, సాయం కావాలా అని అడిగారు. వద్దన్నాను.

ఇంటికొచ్చాక ఒక మాట తీసుకున్నాను. ఇంకోసారి మానెయ్యాలనిపిస్తే నా కళ్లలోకి చూసి చెప్పాలి. చెబితే వింటాను, కట్టి మాత్రం తీసుకెళ్లను అన్నాను. ఆ మాట అనడం నాకు ఎంత కష్టమైందో నీకొక్కడికే తెలుస్తుంది. సరే అన్నారు. ఎన్నాళ్లకి చెబుతారో తెలియదు. డాక్టరమ్మ గుండె గురించి చెప్పేటప్పుడు నా వైపు చూడటం లేదు. నా భయం ఎక్కడికీ పోలేదురా, ఇంట్లోనే ఉంది.

నువ్వు ఆయన మీద కోపం పెట్టుకోకు. పెట్టుకున్నా నాకు చెప్పకు.

రేపు పొద్దున డయాలిసిస్. ఇందాక తనే బయటికి వెళ్లి, టైర్లలో గాలి చూసి వచ్చి పడుకున్నారు.

అక్క